కాగితం తప్పితే నేరమేనా?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మహిళా సంఘాలు ఏర్పాటు చేసిన సమావేశాల్లో ఒక మహిళా న్యాయవాది చేసిన ఉపన్యాసం. మిర్యాలగూడ సభలో మాట్లాడిన పాఠాన్ని ఇక్కడ ఇస్తున్నాం.)



ఈ విషయం మీద మూడు ఊళ్ళలో మాట్లాడాలని మీ సంఘాలవాళ్ళు అడిగినప్పుడు నేను కొంత తటపటాయించాను. వలస నేరాల మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం, అంటే అక్కడి మాటలో ఫెడరల్ ప్రభుత్వం, పెడుతున్న క్రిమినల్ కేసుల గురించి మన దగ్గర ఎవరికి పట్టింది అనుకున్నాను. అది నా పొరపాటు. సూర్యాపేటలో మీటింగు అయిపోయాక ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

"అమ్మా, నువ్వు వకీలమ్మవు గద, నాకొక్క మాట జెప్పు. మా పిల్లగాడు ఎవ్వరి సొమ్మన్న ఎత్తుకపోయిండా? ఎవ్వరినన్న కొట్టిండా? సదువుకోనీకి పోయిండు. కాలేజి మంచిది కాదని ఎనుకకు పంపిండ్రు. ఊరోళ్ళేమో 'కేసయి వచ్చిండు' అంటున్నరు. వాని చెల్లెకు సంబంధాలొస్తలెవ్వు. ఇంతకూ మావోడు జేసిన నేరమేంది?"

ఈ ఉపన్యాసమంతా ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే. ఆమె కొడుకు తప్పిన కాగితానికి అక్కడ శిక్షపడింది కొడుక్కి. ఇక్కడ శిక్షపడింది ఇంకా పెళ్ళికాని చెల్లెలికి, అప్పు తీర్చే తల్లికి. అందుకే ఇది స్త్రీల సమస్య కూడా.

తప్పుకూ నేరానికీ తేడా

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అమెరికా చట్టంలో వీసా గడువు దాటి ఉండిపోవడం గానీ, వీసా షరతు తప్పడం గానీ అంతవరకే అయితే క్రిమినల్ నేరం కాదు. అది సివిల్ తప్పు. దానికి శిక్ష దేశం నుంచి పంపించెయ్యడం. వెళ్ళగొట్టదగిన స్థితిలో ఉన్న మనిషి ఆ దేశంలో ఉండటమే నేరం కాదని 2012లో అరిజోనా రాష్ట్రం కేసులో వాళ్ళ సుప్రీంకోర్టే చెప్పింది.

నేరమయ్యేవి వేరే ఉన్నాయి. అనుమతి లేకుండా సరిహద్దు దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. ఒకసారి వెళ్ళగొట్టాక అనుమతి లేకుండా మళ్ళీ అడుగుపెడితే రెండేళ్ళ దాకా, పాత నేరచరిత్ర ఉంటే ఇరవయ్యేళ్ళ దాకా. దొంగ పత్రాలతో వీసా సంపాదించడం, లాభం కోసం మనుషుల్ని అక్రమంగా దాచిపెట్టడం - వీటికి పదేళ్ళ దాకా. వీసా కోసం ఉత్తుత్తి పెళ్ళి చేసుకుంటే అయిదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఈ చివరిది 1986లో వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. క్రిమినల్ కేసు పెడితే, పేదవాడయితే ప్రభుత్వమే ఒక వకీలును ఇవ్వాలి. సివిల్ తప్పు కింద పట్టుకుంటే నెలల తరబడి నిర్బంధ కేంద్రంలో ఉంచవచ్చు, సంకెళ్ళు వెయ్యవచ్చు, కానీ వకీలును ఇవ్వనక్కర్లేదు. సొంత ఖర్చుతో పెట్టుకోవాలి. "ఇది నేరం కాదు" అనే మాట మన పిల్లలకు రక్షణ కావలసింది పోయి, రక్షణ లేకుండా చేసే మాట అయింది.

కేసులు ఎలా పెరిగాయి

సరిహద్దు దాటడాన్ని అమెరికా నేరం చేసింది 1929లో. ప్రధానంగా మెక్సికో కూలీలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టమది. పత్తి చేలల్లో, పండ్లతోటల్లో వాళ్ళ చాకిరీ కావాలి, వాళ్ళు మాత్రం స్థిరపడకూడదు. చాలా ఏళ్ళపాటు ఆ సెక్షన్లను ఇప్పటిలా విరివిగా వాడలేదు. పట్టుకుని వెనక్కి పంపేవాళ్ళు, అంతే.

1996లో వచ్చిన చట్టం పరిస్థితిని బిగించింది. ఆరు నెలలు దాటి అక్రమంగా ఉండి వెళ్ళినవాళ్ళకు మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి రాకుండా నిషేధం పెట్టింది. 2005లో టెక్సాస్‌లో 'ఆపరేషన్ స్ట్రీమ్‌లైన్' అని మొదలుపెట్టారు. సరిహద్దులో దొరికినవాళ్ళందరి మీదా క్రిమినల్ కేసులే. తర్వాత ఈ పద్ధతి పాకిన కోర్టుల్లో ఒకే పూట డెబ్బైమంది దాకా గొలుసులతో నిలబెట్టి, "నేరం ఒప్పుకుంటున్నా" అనిపించి, శిక్షలు వేసేవాళ్ళు. ఒక్కొక్కరి బతుకు గురించి వకీలు మాట్లాడటానికి దొరికేది కొన్ని నిమిషాలే.

2018 ఏప్రిల్‌లో 'జీరో టాలరెన్స్' అన్నారు. సరిహద్దు దాటిన ప్రతి పెద్దమనిషి మీదా కేసు. తల్లి మీద క్రిమినల్ కేసు పెడితే ఆమె జైలుకు వెళ్ళాలి. జైలుకు పిల్లల్ని తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి పిల్లల్ని వేరు చేశారు. పాలు తాగే పిల్లల్ని కూడా. ప్రపంచమంతా ఛీకొట్టాక జూన్ 20న ఆ పద్ధతి ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు గానీ, అప్పటికే వేలమంది పిల్లలు తల్లిదండ్రులకు దూరమయ్యారు. ఆరు నెలల జైలు కూడా దాటని చిన్న నేరాన్ని అడ్డం పెట్టుకుని తల్లీబిడ్డల్ని విడదీశారన్నది మనం గుర్తుంచుకోవాలి.

2019 ఆర్థిక సంవత్సరంలో అక్రమ ప్రవేశం కింద 80,866 మంది మీద, వెళ్ళగొట్టాక తిరిగి వచ్చారని 25,426 మంది మీద కేసులు పెట్టామని వాళ్ళ న్యాయశాఖ గొప్పగా ప్రకటించుకుంది. లెక్కలు మొదలుపెట్టాక అంత ఎక్కువ ఎన్నడూ లేదని కూడా చెప్పుకుంది. ఆ సంవత్సరం ఫెడరల్ కోర్టుల్లో శిక్షలు పడిన కేసుల్లో మూడో వంతుకు మించి వలస కేసులే. బ్యాంకులు ముంచినవాళ్ళు, నదుల్లో విషం కలిపిన కంపెనీలవాళ్ళు ఆ దేశంలో లేరనా? కూలీని పట్టుకున్నంత తేలిగ్గా కంపెనీని పట్టుకోలేరు, అదీ కారణం.

2020లో కరోనా పేరుతో కేసుల్లేకుండానే వెనక్కి తోసేశారు, కాబట్టి అంకెలు పడిపోయాయి. 2025 జనవరి 20న ట్రంప్ మళ్ళీ అధికారంలోకి వచ్చిన రోజే వలస నేరాల ప్రాసిక్యూషన్‌కు పెద్దపీట వెయ్యాలని ఉత్తర్వులిచ్చాడు. ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. చేతులకు సంకెళ్ళు, కాళ్ళకు గొలుసులు మనం టీవీల్లో చూశాం. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి, విదేశీయులు పేరు నమోదు చేసుకుని ఆ రుజువు వెంట ఉంచుకోవాలనే పాత నిబంధనను బయటికి తీశారు. వెంట లేకపోతే అదీ నేరమే.

ఒక మాట గమనించండి. ఈ పెరుగుదలలో కొత్త సెక్షన్ల పాత్ర తక్కువ. పాత సెక్షనే. దాన్ని ఎవరి మీద, ఎప్పుడు వాడాలో నిర్ణయించేది రాజకీయం.

మన పిల్లల కేసులు

పైన చెప్పిన లక్ష కేసుల్లో తెలుగువాళ్ళు బహుకొద్దిమంది. మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకున్నది చదువు వీసాల దగ్గర.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అందులో పదిహేను వందలమందికి పైగా పేర్లున్నాయి. అత్యధికులు భారతీయులు, వాళ్ళలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొంతమంది కాళ్ళకు రేడియో ట్యాగులు బిగించారు. పశువులకు కట్టినట్టు కడతారా అని మన దేశం అభ్యంతరం చెప్పింది. యూనివర్సిటీ నడిపిన ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. అది సబబే. కానీ ఫీజులు పోయి, చదువు పోయి, దొంగల్లా చూడబడిన పిల్లలకు ఆ శిక్ష వల్ల ఒరిగిందేమిటి?

ఎనిమిదేళ్ళ తర్వాత ఇంకో అడుగు ముందుకు వేశారు. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. దానికి వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, గుర్తింపు ఉంది. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. నడిపింది దొంగలు కారు. అమెరికా ప్రభుత్వ హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే మారుపేర్లతో నడిపారు. 2019 జనవరి చివర్లో వల లాగారు. విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిదిమంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. వాళ్ళలోనూ తెలుగు యువకులే ఎక్కువ. ఎనిమిదిమందీ నేరం ఒప్పుకున్నారు. చేరిన ఆరువందలమంది విద్యార్థుల్లో ఆ సంవత్సరం ఆఖరుకల్లా దాదాపు 250 మందిని అరెస్టు చేశారు. వాళ్ళ మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేదు, వీసా షరతు తప్పారని సివిల్ కింద పట్టుకున్నారు. చాలామంది "స్వచ్ఛందంగా వెళ్ళిపోతాం" అని రాసిచ్చి వచ్చేశారు.

తరగతులు జరగవని విద్యార్థులకు తెలుసు, తెలిసే చేరారు అని ప్రభుత్వ వాదన. తెలిసి చేరినవాళ్ళు ఉండవచ్చు. ప్రభుత్వమే ఇచ్చిన గుర్తింపును నమ్మి చేరినవాళ్ళూ ఉన్నారు. ఇద్దర్నీ విడదీసి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదని విద్యార్థుల తరఫున వేసిన దావాను 2022లో ఒక కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో పైకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టి, దావా నడవవచ్చని చెప్పింది. ఈ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? అరెస్టుల వార్త మొదటి పేజీలో చదివాం. దావా వార్త ఎవరికీ గుర్తులేదు.

సూర్యాపేట తల్లికి నేను చెప్పింది ఇదే. "అమ్మా, మీవాడి కాగితాలన్నీ చూడాలి గానీ, నువ్వు చెప్పినదాన్నిబట్టి అతని మీద క్రిమినల్ కేసు లేదు. అతను నేరస్తుడు కాదు. ఈ మాట ఊళ్ళో గట్టిగా చెప్పు."

అదే చట్టం ఆడపిల్లలకు అక్కరకు వచ్చిందా?

వలస చట్టం కింద పెట్టే ప్రతి క్రిమినల్ కేసూ చెడ్డదేనని నేను అనడం లేదు. కోదాడ నుంచి జగ్గయ్యపేట వైపు దాటితే పాత కృష్ణా జిల్లా. అందులో మైలవరం దగ్గర వెల్వడం. ఆ ఊరినుంచి కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి వెళ్ళి, అద్దె ఇళ్ళమీద కోట్లకు పడగెత్తినవాడు లకిరెడ్డి బాలిరెడ్డి. దొంగ వీసాల మీద, ఒకరి కూతుళ్ళను ఇంకొకరి కూతుళ్ళుగా చూపించి, పేదింటి ఆడపిల్లల్ని తీసుకుపోయి పనిచేయించుకున్నాడు, లైంగికంగా వాడుకున్నాడు. 1999 నవంబరులో అతని ఇంట్లో విషవాయువు పీల్చి పదిహేడేళ్ళ పిల్ల చనిపోయింది. సంగతి బయటపెట్టినవాళ్ళు పెద్దలు కారు. ఒకామె దారినపోతూ, మూటలా మోసుకెళ్తున్న మనుషుల్ని చూసి అడ్డుపడింది. తర్వాత ఒక హైస్కూలు పిల్లల పత్రిక ఆ అమ్మాయిలు ఎలా వచ్చారని ప్రశ్నించింది. 2001లో అతనికి ఎనిమిదేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. వలస మోసం నేరం అందులో ఒక ముఖ్యమైన అభియోగం.

అంటే ఇవే సెక్షన్లు మనిషిని సరుకుగా మార్చినవాడి మీద కూడా పనిచేయగలవు. అయితే ఆ కేసు నిలబడాలంటే ఆ ఆడపిల్లలు సాక్ష్యం చెప్పాలి. వాళ్ళు వచ్చిందీ దొంగ పత్రాల మీదే. నోరు విప్పితే మమ్మల్నీ జైల్లో పెడతారేమో అని భయపడే చోట సాక్ష్యం ఎలా వస్తుంది? 2000లో వాళ్ళ పార్లమెంటు మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా చట్టం చేసి, బాధితులకు 'టి' వీసా, గృహహింస వంటి నేరాలకు గురై పోలీసులకు సహకరించేవాళ్ళకు 'యు' వీసా పెట్టింది. మంచి పనే. కానీ 'యు' వీసాలు ఏడాదికి పదివేలే, వరస ఏళ్ళకేళ్ళు సాగుతుంది. సరిహద్దులో కేసులు లక్షలకు పోతుంటే, రక్షణ పదివేల దగ్గర ఆగింది.

కోదాడ చెల్లెలి ప్రశ్న

కోదాడలో ఒక అమ్మాయి చీటీ రాసి పంపింది. "నేను హెచ్-4 మీద ఉన్నాను. సెలవుకు వచ్చాను. ఆయన మీద కేసయితే నా మీదా అయినట్టేనా?"

కాదు. భర్త చేసిన నేరానికి భార్య నేరస్తురాలు కాదు. కానీ హెచ్-4 అనేది భర్త హెచ్-1బికి కట్టిన తోక వంటిది. ఆయన ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజుల గడువు. ఆయన వీసా రద్దయితే ఈమెదీ పోతుంది. ఈమె పేరున ఏ హక్కూ ఉండదు. ఇది పితృస్వామ్యానికి చట్టం వేసిన ముద్ర కాక మరేమిటి? దీన్ని వాడుకునే భర్తలున్నారు. "పోలీసులకు చెప్పావంటే నీ వీసా తీయించేస్తా, నిన్నే లోపలేయిస్తా" అంటారు. అమ్మాయి కొట్టించుకుంటూ ఊరుకుంటుంది.

అలాంటి అమ్మాయికి తెలియవలసినవి రెండు. కొట్టడం అక్కడ నేరం, దాన్ని చెప్పడం నేరం కాదు. హింసకు గురైన హెచ్-4 భార్య విడిగా పని అనుమతికి దరఖాస్తు పెట్టుకునే సెక్షన్ ఉంది, 'యు' వీసాకూ అడగవచ్చు. ఇవి సులువుగా దొరుకుతాయని నేను చెప్పడం లేదు. దారి అంటూ ఉందని చెబుతున్నాను.

మనం చెయ్యవలసింది

మొదటిది, అప్పు చేసేముందు అడగడం. కొడుకుని పంపడానికి పొలం కాగితం, తల్లి మెడలో పుస్తెలతాడు తాకట్టు పెడుతున్నారు. సంతకం పెట్టే తల్లిని ఆ కాలేజీ ఏమిటో ఎవరూ అడగనివ్వరు. మన సంఘాలు అడగడం నేర్పాలి: తరగతులు ఎక్కడ జరుగుతాయి, ఎవరు చెబుతారు, ఇప్పుడు అక్కడ చదువుతున్న పిల్లలతో మాట్లాడారా? ఫార్మింగ్టన్ గుర్తింపు జాబితాలోనే ఉంది కాబట్టి జాబితా ఒక్కటి చూస్తే చాలదు.

రెండవది, ఇక్కడి దళారీల సంగతి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు కావాలి. చదువులకు పంపే కన్సల్టెన్సీ ఆ చట్టం కిందికి రాదు. మోసం జరిగాక చీటింగు కేసు పెట్టడమే మిగులుతుంది. పంజాబ్ 2012లో చేసిన చట్టంలో కన్సల్టెన్సీలకూ లైసెన్సు తప్పనిసరి చేశారు. అటువంటిది మనకూ కావాలని అడగాలి.

మూడవది, పట్టుబడినప్పటి మాట. చేతిలో పెట్టిన ఏ కాగితం మీదా చదవకుండా సంతకం చెయ్యవద్దని పిల్లలకు చెప్పండి. మన రాయబార కార్యాలయానికి కబురు చెయ్యమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది. చిన్న కేసే కదా, ఒప్పేసుకుంటే పోతుంది అనుకోకూడదు. నేరం ఒప్పుకుంటే వీసా ఏమవుతుందో వకీలు చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి అది అడగాలి. స్వచ్ఛందంగా వెళ్ళడానికీ, వెళ్ళగొట్టే ఉత్తర్వు పడటానికీ భవిష్యత్తులో చాలా తేడా ఉంటుంది. అక్కడ చిరునామా మారితే పది రోజుల్లో తెలియజేయాలి. అది మరిచిపోవడం కూడా నేరమే.

నాలుగవది, పెళ్ళిళ్ళు. అమెరికా సంబంధం అనగానే కట్నం రెట్టింపు చేసే మనం, అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడో, అది ఎప్పటిదాకా ఉందో అడగడం తప్పన్నట్టు చూస్తాం. అడగాలి. పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్ళు అమ్మాయి తల్లి దగ్గర ఒకటి ఉండాలి. ప్రవాసీ భర్తల మీద ఫిర్యాదులకు తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో 2019లో పెట్టిన ఎన్.ఆర్.ఐ. సెల్‌ను వాడుకోవాలి, పనిచేయకపోతే నిలదియ్యాలి.

చివరిగా ఒక మాట. ఇది కొందరికి రుచించకపోవచ్చు. మన దేశంలో కూడా 2025లో కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే అయిదేళ్ళ దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో ఉన్న రోహింగ్యా తల్లిని మనం ఏ పేరుతో పిలుస్తున్నాం? అంత దూరం ఎందుకు, ఈ మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే బీహారు కూలీ ఈ దేశపు మనిషే. ఊళ్ళో ఏదన్నా పోయిందంటే ముందు ఎవర్ని అనుమానిస్తాం? అక్కడ మన పిల్లలకు సంకెళ్ళు వేస్తే గుండెలు బాదుకునే మనం ఇక్కడ పరాయి ఊరివాణ్ణి ముందే దొంగగా లెక్కేస్తే, మన మాటకు విలువేముంటుంది?

మల్లు స్వరాజ్యం పుట్టింది ఈ నేలలో. నిజాం చట్టం దృష్టిలో ఆమె నేరస్తురాలే. తర్వాత జనం ఆమెను తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు పంపారు. చట్టం ఎవర్ని నేరస్తులంటుందో, అలా అనడం వల్ల ఎవరికి లాభమో అడగడం ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు ఒకరు నేర్పవలసిన పని కాదు.

ఆ సూర్యాపేట తల్లి ఇంటికి వచ్చే నెలలో మన సంఘం వాళ్ళు నలుగురు వెళ్తున్నారు. కొడుకు కాగితాలు చూడటానికి, ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టి "ఇతని మీద ఏ నేరమూ లేదు" అని చెప్పడానికి. మీ ఊళ్ళలో తిరిగివచ్చిన పిల్లలుంటే, వాళ్ళ ఇళ్ళకు మీరూ వెళ్ళండి.